కామన్స్ సభలో మన ఖైదీల ప్రశ్నలు, 1942–47: ఎక్కడ వెతకాలి, ఎలా చదవాలి

పాతబందరు (#1)

1942 ఆగస్టు నుంచి 1947 ఆగస్టు దాకా బ్రిటిషు కామన్స్ సభలో మన రాజకీయ ఖైదీల బాగోగుల గురించీ, అధికారం ఎప్పుడు అప్పగిస్తారన్నదాని గురించీ సభ్యులు అడిగిన ప్రశ్నలు ఒకచోట చేర్చే పని మొదలైంది. సభ చర్చల అచ్చు రికార్డు హాన్సర్డ్ దగ్గర మూడు చిక్కులు వస్తున్నాయి.

ఒకటి, ఖైదీల సంఖ్య ఒక జవాబులో ఉన్నది ఇంకో జవాబుతో పొసగదు. రెండు, ఆంధ్ర జిల్లాల పేర్లు పెట్టి వెతికితే ఏమీ తగలదు. మూడు, 1945 ఆగస్టు తర్వాత భారత మంత్రి పేరుతో కామన్స్‌లో ఒక్క జవాబూ కనబడదు. ఎక్కడ పొరపాటు?

గుమాస్తా_గది (#2)

మూడోది తేలిక. 1940 నుంచి 1945 దాకా భారత మంత్రి లియోపోల్డ్ అమేరీ, ఆయన కామన్స్ సభ్యుడు. లేబర్ ప్రభుత్వం రాగానే పెథిక్-లారెన్స్‌కు ఆ శాఖ ఇచ్చి, బారన్ చేసి ప్రభువుల సభకు పంపారు. కామన్స్‌లో ఆయన తరఫున జవాబు చెప్పింది అండర్ సెక్రటరీ ఆర్థర్ హెండర్సన్. ఆ పేరుతో వెతకండి. 1947 ఏప్రిల్‌లో పెథిక్-లారెన్స్ స్థానంలోకి వచ్చిన లిస్టోవెల్ కూడా ప్రభువుల సభవాడే. కాబట్టి 1945 ఆగస్టు నుంచి రెండు సభల హాన్సర్డ్ పక్కపక్కన పెట్టుకోవాల్సిందే. 1947 ఫిబ్రవరి 20 ప్రకటన, అంటే 1948 జూన్ లోపు అధికారం బదిలీ చేస్తామన్నది, కామన్స్‌లో అట్లీ చదివితే అదే రోజు ప్రభువుల సభలో పెథిక్-లారెన్స్ చదివారు.

రాజబందీ (#3)

మొదటి చిక్కు గురించి. అక్కడ సంఖ్య తప్పు కాదు, మాట తేడా. ప్రశ్నలో ఏ మాట వాడారో చూడకుండా అంకె ఎత్తి రాసుకుంటే గల్లంతే. అప్పట్లో జైల్లో ఉన్నవాళ్లు కనీసం నాలుగు పద్దుల కింద ఉన్నారు.

శిక్షపడ్డవాళ్లు. కోర్టు విచారించి జైలుకు పంపినవాళ్లు. వీళ్లలో మళ్లీ ఎ, బి, సి తరగతులు.

డెటెన్యూలు, సర్కారు భాషలో సెక్యూరిటీ ప్రిజనర్లు. యుద్ధకాలపు డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్‌లో 26వ రూలు కింద విచారణ లేకుండా ఉంచినవాళ్లు.

129వ రూలు కింద అనుమానం మీద పట్టుకున్నవాళ్లు. వీళ్లు కొద్దికాలం తర్వాత విడుదలవుతారు, లేదా 26 కిందికి మారతారు. రెండు తేదీల లెక్కల మధ్య పెద్ద తేడా వచ్చేది ఇక్కడే.

ఇక పాతకాలపు రాజబందీలు: 1818 నాటి మూడో రెగ్యులేషన్, మద్రాసుకు 1819 నాటి రెండో రెగ్యులేషన్, బొంబాయికి 1827 నాటి 25వ రెగ్యులేషన్.

సభ్యుడు “ఎంతమందిని అరెస్టు చేశారు” అంటే మంత్రి మొదటి రోజు నుంచి మొత్తం చెబుతాడు. 1943 చివరికి సర్కారు లెక్క 91,836 అరెస్టులు. “ఎంతమంది జైల్లో ఉన్నారు” అంటే ఆ రోజు లోపల ఉన్నవాళ్లు మాత్రమే. “విచారణ లేకుండా ఎంతమంది” అంటే 26వ రూలు వాళ్లు మాత్రమే, శిక్షపడ్డవాళ్లు అందులోకి రారు. మూడూ నిజాలే, మూడూ వేర్వేరు అంకెలు. మీ పట్టికలో అంకె పక్కన పద్దు పేరు, ఏ తేదీ నాటికి అన్నది తప్పకుండా పెట్టండి.

ఇంకో మెలిక. 1943 ఏప్రిల్ 22న ఫెడరల్ కోర్టు కేశవ్ తల్పడే కేసులో 26వ రూలు చెల్లదంది. వారం తిరక్కుండా ఏప్రిల్ 28న ఆర్డినెన్సు తెచ్చి దాన్ని చెల్లేలా చేశారు. 1944 జనవరిలో ఇంకో ఆర్డినెన్సు వచ్చింది. ఉత్తర్వు గడువు ఆరు నెలలు, ఆ తర్వాత పొడిగించాలి, నిర్బంధానికి కారణాలు తెలపాలి. అందుకే 1944 తర్వాతి ప్రశ్నల్లో “కారణాలు ఇచ్చారా, ఎన్ని కేసులు తిరిగి చూశారు, ఎంతమందిని వదిలారు” అన్న కొత్త మాటలు కనబడతాయి. 1943 ప్రశ్నల్లో అవి కనబడకపోతే సభ్యుడి నిర్లక్ష్యం అనుకోకండి, అప్పటికి ఆ హక్కే లేదు.

మూడో_వరుస (#4)

అసలు లండన్‌లో ఎందుకు అడగాల్సి వచ్చింది? ఢిల్లీలో కేంద్ర శాసనసభ ఉంది కదా, సత్యమూర్తి లాంటి వాళ్లున్నారు. ఉపప్రశ్నలు సంధించడంలో ఆయన్ని మించినవాడు లేడని “సప్లిమెంటరీ సత్యమూర్తి” అనేవారు. ఎన్.జి. రంగా ఉన్నారు. 1942–43 ఢిల్లీ చర్చల్లోనే ఎక్కువ సరుకు దొరకాలి.

గుమాస్తా_గది (#5)

దొరకదండీ. 1942 ఆగస్టు తర్వాత సత్యమూర్తి గారే జైలుపాలయ్యారు, 1943 మార్చి 28న మద్రాసు జనరల్ ఆస్పత్రిలో పోయారు. రంగా గారూ జైల్లోనే. యుద్ధం మొదలయ్యాక కాంగ్రెసు సభ్యులు ఢిల్లీ సభకు రావడం దాదాపు మానేశారు, 1940 నవంబరులో ఫైనాన్సు బిల్లును ఓడించడానికి వచ్చిపోవడం వేరే కథ. ఆ రెండు మూడేళ్లు ఢిల్లీలో ఖైదీల గురించి అడిగింది ఎన్.ఎం. జోషి లాంటి కాంగ్రెసేతరులు, పై సభలో పి.ఎన్. సప్రూ, హృదయనాథ్ కుంజ్రూ. జవాబు చెప్పింది వైస్రాయి కౌన్సిలులో హోం శాఖ చూసే హోం మెంబరు రెజినాల్డ్ మాక్స్‌వెల్.

ఏడో_పట్టిక (#6)

పై మాట నిజమే గానీ సగం. అసలు కారణం చట్టంలోనే ఉంది.

1935 చట్టంలో జైళ్లు, వాటిలో ఉన్న మనుషులు, రాష్ట్రాల జాబితాలో నాలుగో పద్దు. రక్షణ, విదేశాంగ కారణాలతో ముందస్తు నిర్బంధం మాత్రం కేంద్ర జాబితాలో మొదటి పద్దు. అంటే మనిషిని ఎందుకు పట్టుకున్నారన్నది ఢిల్లీ ఇలాకా, ఆ మనిషికి ఏం తిండి పెడుతున్నారు, ఎన్ని ఉత్తరాలు రాయనిస్తున్నారు అన్నది మద్రాసు ఇలాకా. ఢిల్లీలో తిండి గురించి అడిగితే హోం మెంబరు “రాష్ట్రాల విషయం” అని చేతులు దులుపుకుంటాడు.

పోనీ మద్రాసులో అడుగుదామంటే అక్కడ సభే లేదు. 1939 అక్టోబరు చివర్లో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. 93వ సెక్షను కింద గవర్నరు పాలన వచ్చింది, 1946 ఏప్రిల్ 30న ప్రకాశం గారి మంత్రివర్గం దాకా అదే. ఆరేళ్లకు పైగా రాజమండ్రి, వేలూరు, అల్లీపురం, కన్ననూరు జైళ్ల గురించి మద్రాసులో అడిగే నోరు లేకుండా పోయింది.

ఇక్కడే లండన్‌కు దారి దొరికింది. 93వ సెక్షను రాష్ట్రంలో గవర్నరు వైస్రాయి అదుపులో పనిచేస్తాడు, వైస్రాయి భారత మంత్రికి జవాబుదారీ, భారత మంత్రి పార్లమెంటుకు. కాబట్టి మద్రాసు, బొంబాయి, సంయుక్త రాష్ట్రాలు (నేటి యు.పి. ప్రాంతం), బీహారు జైళ్ల మీద ప్రశ్న వేస్తే అమేరీకి తప్పించుకునే సందు లేదు. అదే బెంగాలు, పంజాబు, సింధు అయితే అక్కడ ఎక్కువ కాలం మంత్రివర్గాలున్నాయి, “ఆ రాష్ట్ర మంత్రుల బాధ్యత” అంటే చాలు. జవాబుల్లో పొడుగు పొట్టి తేడా గమనించండి. బీహారు మీద వాక్యాలు పరుస్తాడు, బెంగాలు మీద ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. దాన్ని మంత్రి మూడ్ అనుకుంటే పొరపాటు.

హైదరాబాదు సంస్థానం ఖైదీల గురించి ప్రశ్నలు వెతకడం దాదాపు వృథా. అది బ్రిటిష్ ఇండియా కాదు. సంస్థానం లోపలి పాలన నిజాంది అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు. తెలంగాణ ఖైదీల కోసం హాన్సర్డ్ కాదు, రెసిడెన్సీ రికార్డులు పట్టుకోవాలి.

మూడో_వరుస (#7)

ఒప్పుకుంటా, 1942–43కి సత్యమూర్తి పేరు ఎత్తడం నాదే తప్పు. కానీ ఢిల్లీని పూర్తిగా తీసిపారేయొద్దు. 1929లో భగత్ సింగ్ సహచరుల నిరాహారదీక్షలో జతిన్ దాస్ 63వ రోజున సెప్టెంబరు 13న ప్రాణం విడిస్తే, మర్నాడే మోతీలాల్ నెహ్రూ వాయిదా తీర్మానం పెట్టి 55–47తో నెగ్గించింది ఆ కేంద్ర సభలోనే, అప్పుడది సిమ్లాలో కూర్చుంది. ముద్దాయిలు లేకుండానే విచారణ జరిపే బిల్లు మీద జిన్నా ప్రసంగం కూడా ఆ వారంలోదే. తర్వాత ఐదు నెలలకే, 1930 ఫిబ్రవరిలో, ఎ, బి, సి తరగతుల ఉత్తర్వు వచ్చింది.

రాజబందీ (#8)

ఆ తరగతుల గురించి ఒక హెచ్చరిక. చాలామంది “రాజకీయ ఖైదీకి ఎ తరగతి” అని రాస్తారు. ఉత్తర్వులో రాజకీయం అన్న గుర్తింపే లేదు. నేరం ఎందుకు చేశాడన్నది కాదు, ఖైదీ చదువు, సంఘంలో స్థాయి, బతుకు తీరు చూసి తరగతి వేసేవారు. ఒకే ఊరేగింపులో పట్టుబడ్డ వకీలు ఎ లో, రైతుకూలీ సి లో. అందుకే లండన్‌లో “రాజకీయ ఖైదీలు ఎంతమంది” అన్న ప్రశ్నకు “అలాంటి వర్గం మా రికార్డుల్లో లేదు” అనడం మంత్రికి సులువు. తెలిసిన సభ్యులు ఆ మాట మానేసి, చట్టం సెక్షను, రూలు నంబరు పెట్టి అడగడం నేర్చుకున్నారు.

పాతబందరు (#9)

చాలా ఉపయోగం. సభ్యుల సంగతి? సోరెన్సన్, ఫెన్నర్ బ్రాక్‌వే పేర్లు పెట్టి మొదలుపెడదామని ఉంది.

గుమాస్తా_గది (#10)

బ్రాక్‌వేను కొట్టేయండి. 1931లో ఓడి మళ్లీ 1950లోనే కామన్స్‌కు వచ్చారు. మన విషయంలో ఆయన చేసిన పని సభ బయటిది. రెజినాల్డ్ సోరెన్సన్ సరైన మొదలు, లేటన్ వెస్ట్ లేబర్ సభ్యుడు, మన స్వాతంత్ర్యం కోసం లండన్‌లో పనిచేసిన ఇండియా లీగులో ముఖ్యుడు, 1946 జనవరిలో రాబర్ట్ రిచర్డ్స్ నాయకత్వాన మన దేశం వచ్చిన పార్లమెంటరీ బృందంలో కూడా ఉన్నారు. ఆయనతో పాటు కమ్యూనిస్టు గాలకర్, ఐ.ఎల్.పి. (ఇండిపెండెంట్ లేబర్ పార్టీ) నుంచి మాక్స్‌టన్, మెక్‌గవర్న్, స్వతంత్రుడు డి.ఎన్. ప్రిట్, లిబరల్ గ్రాహం వైట్. అవతలి వైపు కన్సర్వేటివ్ స్టాన్లీ రీడ్‌ను వదలొద్దు, టైమ్స్ ఆఫ్ ఇండియా పాత సంపాదకుడు. అధికారపక్షంలో ఉన్నా విషయం తెలిసి అడిగేవారు.

ఈ సభ్యులకు సమాచారం అందించింది ఎక్కువగా కృష్ణ మీనన్ ఇండియా లీగు. అది ఒక బలం, ఒక బలహీనత. ప్రశ్నలో ఉన్న వాస్తవానికి అడిగినవాడే పూచీ అన్నది కామన్స్ నియమం. జైలు నుంచి దొంగచాటుగా బయటపడ్డ వార్త ఆధారంగా “లాఠీ దెబ్బలకు ఇద్దరు చనిపోయారట” అని వేస్తే, ఆ ఇద్దరిలో ఒకరు జ్వరంతో పోయారని తేలితే చాలు, మంత్రి మొత్తం ప్రశ్నను అబద్ధమని కొట్టేస్తాడు.

తంతి_తపాలా (#11)

ప్రశ్న నడిచే దారి చెబుతాను, ఎక్కడ ఆలస్యమో, ఎక్కడ నీళ్లు కలుస్తాయో తెలుస్తుంది.

సభ్యుడు ప్రశ్న రాసి సభ గుమాస్తాలకు ఇస్తాడు. వాళ్లు వాదన, వ్యంగ్యం, ఊహాప్రశ్న ఉంటే తీసేయమంటారు. అప్పట్లో ఒక సభ్యుడికి రోజుకు నోటిమాట జవాబు కోసం మూడు ప్రశ్నలే. ప్రశ్న అచ్చులో పడగానే లండన్‌లో భారత మంత్రి కార్యాలయమైన ఇండియా ఆఫీసు నుంచి వైస్రాయి హోం శాఖకు తంతి. అక్కడి నుంచి మద్రాసుకు. మద్రాసు నుంచి జైళ్ల ఇన్‌స్పెక్టర్ జనరల్‌కు, ఆయన నుంచి సూపరింటెండెంటుకు. వచ్చిన జవాబు మళ్లీ అదే మెట్లెక్కి పైకి. నోటీసు వ్యవధి రోజుల్లో, ఈ ప్రయాణం చాలాసార్లు వారాల్లో. అందుకే మొదటి జవాబు దాదాపు ఎప్పుడూ “వివరాలు తెప్పిస్తున్నాను”. అక్కడితో ఆగిపోతే మీ పట్టిక ఖాళీ. ఆ తర్వాతి నెల రెండు నెలల రాతపూర్వక జవాబులు కూడా చూడాలి.

ప్రతి మెట్టు దగ్గరా కొంత రాలిపోతుంది. సూపరింటెండెంటు “12 మందికి విరేచనాలు, ఇద్దరు ఆస్పత్రిలో” అని పంపితే సభలో అది “ఆరోగ్యం మొత్తం మీద తృప్తికరం” అయిపోవచ్చు. (ఆ వాక్యాలు ఉదాహరణకు నేను రాసినవి.) అసలు తంతులు కావాలంటే బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులు, ఎల్/పీజే/7, ఎల్/పీజే/8 వరసలు. జవాబు ముసాయిదాతో పాటు “ఉపప్రశ్న వస్తే ఇలా చెప్పండి” అన్న నోటు దొరికితే సభలో చెప్పని సంగతులు దాన్లో ఉంటాయి. ఢిల్లీ వైపు ప్రతులు జాతీయ ఆర్కైవ్స్‌లో హోం పొలిటికల్ ఫైళ్లు, చాలా భాగం ఆ ఆర్కైవ్స్ వెబ్‌సైటు అభిలేఖ్ పటల్‌లో చూడొచ్చు. మాన్సర్ సంపాదకత్వంలో వచ్చిన ట్రాన్స్‌ఫర్ ఆఫ్ పవర్ 12 సంపుటాల్లో పై స్థాయి తంతులు అచ్చయ్యాయి. క్విట్ ఇండియా రోజులకు రెండో సంపుటం, గాంధీ ఉపవాసానికి మూడోది. జైలు తిండి స్థాయి వివరాలకు మాత్రం అవి పనికిరావు.

పాతబందరు (#12)

స్వాతంత్ర్యం ఎప్పుడన్న ప్రశ్నలు వేరే పట్టిక పెట్టాలా, ఖైదీలవి వేరేనా?

ఏడో_పట్టిక (#13)

వేరు చేయకండి. అదే అసలు సంగతి.

“యుద్ధం తర్వాత భారతదేశానికి ఏం చేస్తారు” అని సూటిగా అడిగితే మంత్రి 1940 ఆగస్టు ప్రకటన, 1942 మార్చి క్రిప్స్ ముసాయిదా చూపించి “మా విధానం మారలేదు” అంటాడు. ఉపప్రశ్నకు తావుండదు. పైగా మున్ముందు ఏమవుతుందన్నది ఊహాప్రశ్న అని గుమాస్తాల దగ్గరే ఆగే ప్రమాదం. కానీ 1942 ఆగస్టు 9 తర్వాత సంప్రదింపులు జరపాల్సిన మనుషులే జైల్లో ఉన్నారు. గాంధీ పుణెలో ఆగాఖాన్ భవనంలో, మన పట్టాభి సహా వర్కింగ్ కమిటీ అహ్మద్‌నగర్ కోటలో. ఆగస్టు 8 నాటి క్విట్ ఇండియా తీర్మానం ఉపసంహరించుకుంటే గానీ మాట్లాడం అన్నది సర్కారు పట్టు. దాంతో “ఫలానా వ్యక్తి గాంధీని కలవడానికి అనుమతి అడిగాడా, ఇచ్చారా, లేకపోతే ఎందుకు” అన్న జైలు ములాఖత్ ప్రశ్న పూర్తిగా నియమబద్ధం. ఇటు చూస్తే అది ఖైదీ హక్కు, అటు చూస్తే రాజ్యాంగ చర్చ.

1942 నవంబరులో రాజాజీకి, 1943 ఏప్రిల్‌లో రూజ్వెల్ట్ దూత విలియం ఫిలిప్స్‌కు గాంధీని కలిసే అనుమతి నిరాకరించారు. ఆ రెండు తేదీల తర్వాతి వారాల హాన్సర్డ్ జల్లెడ పట్టండి. స్వాతంత్ర్యం అన్న మాట లేకుండానే స్వాతంత్ర్యం గురించి నడిచిన ప్రశ్నలకు చోటు అవే వారాలు. 1943 ఫిబ్రవరి 10న మొదలైన 21 రోజుల ఉపవాసం రోజులూ అంతే. ఉపవాసం మధ్యలో ఫిబ్రవరి 17న వైస్రాయి కౌన్సిలు నుంచి మోదీ, సర్కార్, అణే రాజీనామా చేశారు. అది ఖైదీ ఆరోగ్యం పద్దా, రాజ్యాంగం పద్దా? రెండు పట్టికలు పెట్టుకుంటే రోజూ ఈ తగువే.

మూడో_వరుస (#14)

కొంచెం సాగదీసినట్టుంది. సోరెన్సన్ లాంటివాళ్లు ఉత్తరాలు, పత్రికలు, ములాఖత్తులు మానవత్వంతో అడిగారు. ప్రతి ప్రశ్న వెనకా ఎత్తుగడ చూడటం అనవసరం.

ఏడో_పట్టిక (#15)

ఎవరి మనసులో ఏముందన్నది కాదు నా మాట. సభ నియమాలు ఏ ప్రశ్నను లోపలికి రానిచ్చాయన్నది. మానవత్వంతో అడిగినా ఆ తలుపులోంచే రావాలి. 1945 తర్వాత ఆ మెలిక అక్కర్లేకుండా పోయింది. జూన్ 14న వైస్రాయి వేవెల్ ప్రణాళిక, మర్నాడు వర్కింగ్ కమిటీ విడుదల. నాయకులు బయటికొచ్చేసరికి ములాఖత్ ప్రశ్నల అవసరం తీరింది, వాటి చోట్లోకి ఐ.ఎన్.ఎ. ఖైదీలు, ఇంకా విడుదల కాని జయప్రకాశ్, లోహియా వచ్చారు. వాళ్లిద్దరూ బయటపడింది 1946 ఏప్రిల్‌లో, కాబినెట్ మిషన్ ఢిల్లీలో ఉండగా.

రాజబందీ (#16)

మానవత్వం మాటకొస్తే కస్తూరిబా ఉదంతం చూడండి, జవాబు ఎలా చదవాలో అది నేర్పుతుంది. ఆమె 1944 ఫిబ్రవరి 22న ఆగాఖాన్ భవనంలోనే కన్నుమూశారు. మార్చి 2న కామన్స్‌లో అమేరీ తరఫున బట్లర్, ఆమెకు సాధ్యమైన వైద్యమంతా అందిందని, కుటుంబం కోరిన వైద్యులూ చూశారని చెప్పారు. గాంధీ ఆ జవాబు పత్రికల్లో చదివి జైలు నుంచే సర్కారుకు ఖండన రాశారు. కోరిన వైద్యులు రావడం నిజమే, ఎంత ఆలస్యంగా రానిచ్చారన్నదే ఆయన గొడవ. లాహోరు నుంచి వచ్చిన వైద్యుణ్ణి రాత్రిళ్లు లోపల ఉండనివ్వక, ఆయన గేటు బయట కారులో పడుకోవాల్సి వచ్చింది. సభలో చెప్పిన వాక్యంలో అబద్ధం దొరకదు, తేదీలు లేవంతే. “వైద్యం అందిందా” అని అడిగితే అవునంటారు. “ఏ తేదీన కోరారు, ఏ తేదీన అనుమతించారు” అని అడిగితేనే దాచడానికి వీలుండదు.

గాంధీ ఖండన 1942–44 నాటి సర్కారుతో ఉత్తర ప్రత్యుత్తరాల సంకలనంలో ఉంది. హాన్సర్డ్ జవాబు పక్కన దాన్నీ జతచేయండి.

అక్షరాల_వేట (#17)

రెండో చిక్కు మిగిలిపోయింది, వెతికితే ఏమీ తగలకపోవడం. స్కాన్ చేసిన పాత అచ్చును యంత్రం చదివిన పాఠం అది. ఇంగ్లీషులో జైలు అని వెతికితే సగం పోతాయి, అప్పటి బ్రిటిషు స్పెల్లింగు జీ-ఏ-ఓ-ఎల్. రెండూ వెతకాలి. డెటెన్యూ మాటలో మొదటి ‘ఈ’ మీద ఫ్రెంచి గీత ఉంటుంది, యంత్రం దాన్ని వేరే అక్షరంగానో ఖాళీగానో చదువుతుంది. చివరి నాలుగైదు అక్షరాలు మాత్రమే పెట్టి వెతికితే దొరుకుతుంది.

ఊళ్లకు పాత పేర్లే. విజయవాడ కాదు బెజవాడ, మచిలీపట్నం కాదు మసులిపటం, కాకినాడకు కొకనాడ, విశాఖకు విజగపటం. అహ్మద్‌నగర్‌లో మధ్య అక్షరం ‘ఈ’ కాకుండా ‘ఏ’ పెట్టినవీ ఉన్నాయి. జయప్రకాశ్ ఇంటిపేరు నారాయణ్, నరైన్ రెండు తీర్లా. గాంధీ పేరులో ‘హెచ్’ జారిపోయినవి కూడా చూడండి.

పేజీ తెరిచాక ప్రశ్న ముందు అంకె ఉందా చూడండి. అంకె ఉంటే నోటిమాట ప్రశ్న, కింద ఉపప్రశ్నలు ఉంటాయి, అసలు రసం అక్కడే. అంకె లేకపోతే రాతపూర్వకం, సంఖ్యల పట్టికలు ఎక్కువగా వీటిలోనే. సమయం చాలక మిగిలిన నోటిమాట ప్రశ్నలు కూడా రాతపూర్వకాల్లోకే చేరతాయి, కాబట్టి ఆ భాగం వదిలేస్తే లెక్క తప్పుతుంది. “ఫలానా తేదీన ఇచ్చిన జవాబు చూడండి” అని ఉంటే ఆ తేదీ కూడా పట్టికలో రాసుకోవాలి, లేకపోతే ఒకే సమాచారం రెండుసార్లు లెక్కకొస్తుంది.

బర్మా ప్రశ్నలు వేరు శీర్షిక కింద ఉంటాయి. 1937లో విడదీశాక మంత్రి ఒకరే, శాఖలు రెండు. ఆ ఖైదీలను మన లెక్కలో కలిపేయకండి.

పాతబందరు (#18)

పట్టికకు ఈ గడులు సరిపోతాయా చూడండి: తేదీ, అడిగినవారు, నోటి/రాత, ప్రశ్నలో వాడిన ఖైదీ పద్దు, రాష్ట్రం, ఆ రాష్ట్రంలో 93వ సెక్షనా మంత్రివర్గమా, జవాబు రకం (అంకె, “తెప్పిస్తున్నాను”, “పాత జవాబు చూడండి”, “ప్రజాహితం దృష్ట్యా చెప్పను”), తర్వాత వచ్చిన జవాబు తేదీ.

తంతి_తపాలా (#19)

ఒక గడి కలపండి: వాయిదా చర్చకు నోటీసు. జవాబు నచ్చకపోతే సభ్యుడు “దీన్ని సభ ముగిసే వేళ లేవనెత్తుతాను” అంటాడు. ఆ అరగంట చర్చలో మంత్రి వివరంగా చెప్పక తప్పదు. అది అదే రోజు జరగదు, వారాల తర్వాత రావచ్చు, వేరే శీర్షికతో. ఆ లింకు తెగితే దొరకడం కష్టం.

మూడో_వరుస (#20)

1946 ఏప్రిల్ 30 తర్వాత మద్రాసు వరసలో “93” తీసేసి “మంత్రివర్గం” అని మార్చడం మరవొద్దు. అక్కడి నుంచి రాజమండ్రి జైలు ప్రశ్నలు లండన్‌లో కాదు, మద్రాసు శాసనసభ చర్చల్లో ఉంటాయి. 1947 మొదట్లో మద్రాసు ప్రజాశాంతి చట్టం వచ్చాక మళ్లీ డెటెన్యూలు, ఈసారి కమ్యూనిస్టులు, ఈసారి జవాబు చెప్పేది మనవాళ్లు.

ఏడో_పట్టిక (#21)

జైళ్లు ఇప్పుడు కూడా రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్ర జాబితా నాలుగో పద్దే, 1935లో ఉన్న అంకెలోనే. లోక్‌సభలో ఖైదీల మీద ప్రశ్నకు హోం శాఖ జవాబు ఏ వాక్యంతో మొదలవుతుందో ఓసారి తీసి చూడండి, మాక్స్‌వెల్ గొంతు వినబడుతుంది.

పాతబందరు (#22)

గడి కలిపాను, మద్రాసు వరస మార్చాను. 1942 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా మొదటి విడత. “గాంధీ”లో హెచ్ లేనివి ముందు తీస్తున్నా.